కుడివైపు పుట్టుమచ్చ

ఆ కుటుంబంలో ముగ్గురు తోడికోడళ్ళు. పెద్దావిడ నోరు, చిన్నావిడ షోకు, నడిపావిడ చెక్క అని బంధువుల్లో ఒక మాట ఉండేది.

నడిపావిడ చెక్క పలకల మీద బొమ్మలు చెక్కి, వాటికి సిరా పూసి, పల్చటి కాగితం మీద అచ్చు తీస్తుంది. అది ఆమె వృత్తి. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నా, అది వృత్తే అన్న నమ్మకం మాత్రం ఇంట్లో ఎవరికీ కుదరలేదు. బట్టలుతికే యంత్రం కోసం కట్టిన వెనక గదిలో ఆమె బల్ల వేసుకుంది. యంత్రం వరండాలోకి పోయి వానకు తడుస్తోంది. భర్త చొక్కా మీద మరక వదలకపోతే ఆ తప్పు యంత్రానిది కాదు, సబ్బుది కాదు, కళది.

ఒక్కో బొమ్మకు పన్నెండు ప్రతులే తీస్తుంది. ప్రతిదాని కిందా పెన్సిల్‌తో అంకె వేసి సంతకం పెడుతుంది. పన్నెండూ అయ్యాక, మళ్ళీ ఎవరూ అచ్చు వేయకుండా పలక మీద ఉలితో అడ్డంగా గీత లాగేస్తుంది. ఈ ఆఖరి సంగతి బంధువులకు ఎంత చెప్పినా తలకెక్కలేదు.

"అంత కష్టపడి చెక్కి పాడుచెయ్యడమెందుకే? జిరాక్స్ తీయిస్తే వంద వస్తాయి" అనేది పెద్దావిడ.

"అందరికీ దొరికితే విలువేముంటుంది అక్కా?"

"అన్నం అందరికీ దొరకాలనే కోరుకుంటాం. దానికి విలువ లేదా?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ కళాశాలలోనూ చెప్పలేదు కాబట్టి నడిపావిడ ఊరుకునేది.

ఆమె బొమ్మలు అమ్మిపెట్టే గ్యాలరీ యజమాని ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకునే మనిషి. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కాసేపు పైకప్పు వంక చూసి, "ఏడుపు ఇక వద్దు మేడమ్" అన్నాడు.

"ఏమైంది?"

"పోయినేడు ఏడ్చే మొహాలు వేశారుగా. కొన్నవాళ్ళు వెనక్కి తెస్తున్నారు. హాల్లో పెడితే, వచ్చినవాళ్ళు చెప్పులిప్పుతూనే ఎవరు పోయారని అడుగుతున్నారట. అంతకు ముందు నవ్వే మొహాలు వేశారు. అవి పళ్ళపొడి ప్రకటనల్లా ఉన్నాయన్నారు."

"మరి ఏం వెయ్యమంటారు?"

"రెండూ కలిపి. మిశ్రమ భావాలు. ఇప్పుడు నడుస్తున్నది అదే. ఒక కన్ను నవ్వాలి, ఒక కన్ను ఏడవాలి. అలాంటిదైతే ఏ రంగు సోఫా పక్కనైనా ఇమిడిపోతుంది."

మనసులో నవ్వుకుంటూనే నడిపావిడ ఒప్పుకుంది. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుంది. సంతోషంలో దుఃఖం, దుఃఖంలో ఉపశమనం, కోపంలో జాలి, ఒక్కొక్కటే మొహం మీదికి తెచ్చుకుని చూసుకుంది. అటుగా పోతున్న భర్త ఆగాడు.

"పన్ను నొప్పా?"

"కాదు. విషాదంలో ఆనందం."

"లవంగం పెట్టుకో. రెండూ తగ్గుతాయి" అని ఆయన వెళ్ళిపోయాడు.

వారాలు గడిచాయి. రెండు మొహాలు చెక్కింది. ఒకటి తుమ్మబోతున్నట్టు వచ్చింది. రెండోది తుమ్మేసినట్టు వచ్చింది. గ్యాలరీ యజమాని రెండూ తీసుకున్నాడు గాని, కాఫీ ఇవ్వలేదు.

అప్పుడే చిన్నావిడ కొత్త ఇల్లు పూర్తయింది. అందరినీ భోజనానికి పిలిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిన్నావిడ భర్త, అంటే అన్నదమ్ముల్లో ఆఖరివాడు, చదువుకున్నన్నాళ్ళూ పెద్దన్న ఇంట్లోనే ఉన్నాడు. జ్వరమొస్తే పక్కన కూర్చున్నది పెద్ద వదినే. పరీక్షలప్పుడు తెల్లారగట్ల లేపి, వాడు మళ్ళీ నిద్రపోకుండా ఎదురుగా కూర్చుని తను కునికిపాట్లు పడ్డదీ ఆమే. పెద్దావిడ ఇంట్లో వంటగది ఎంతంటే, ఇద్దరు నిలబడితే ఒకరు పొయ్యికీ ఒకరు సింకుకీ అతుక్కుపోవాలి. ఆ ఇరుకులోనే వాడికి వండి పెట్టింది.

వాడి కొత్త ఇంట్లో వంటగది పెద్దావిడ హాలంత ఉంది. మధ్యలో రాతి బల్ల. చుట్టూ నడవడానికి చోటు. నల్లా ఒకవైపు తిప్పితే చన్నీళ్ళు, రెండోవైపు తిప్పితే వేణ్ణీళ్ళు. పెద్దావిడ ఒక సొరుగు లాగి, తిరిగి లోపలికి నెట్టింది. సొరుగు సగం దూరం పోయి, ఆమె చేతిని వదిలించుకుని, చప్పుడు లేకుండా తనంతట తనే మూసుకుంది. ఆమె మళ్ళీ లాగింది. మళ్ళీ అదే తంతు.

"తొయ్యక్కర్లేదు అక్కయ్యా, దానంతటదే మూసుకుంటుంది. మీకు అలవాటు లేదుగా" అంది చిన్నావిడ ఎంతో ప్రేమగా.

"బాగుందమ్మా. చాలా బాగుంది. మావాడు ఇంతవాడయ్యాడు" అంది పెద్దావిడ.

నడిపావిడ ప్లేటు పట్టుకుని వంటగది గుమ్మంలో ఉంది. ఆ క్షణంలో పెద్దావిడ మొహం చూసి అలాగే నిలబడిపోయింది. పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళలో తడి నిజంగానే ఉంది. ముక్కుపుటాలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. కింది దవడ ఏదో గట్టి గింజను కొరకలేక బిగుసుకున్నట్టుంది. మింగలేక కక్కలేక అని మనం రోజూ అంటుంటాం. ఆ మాటకు మొహమంటూ ఉంటే అదిగో అదే.

నడిపావిడ భోజనం సగంలో వదిలేసి ఇంటికి పోదామంది.

"ఇంకా పెరుగన్నం తినలేదు" అన్నాడు భర్త.

"ఇంట్లో పెరుగుంది, పదండి."

ఆ సాయంత్రమే పలక మీద గీసుకుంది. మర్నాడు ఉలి పట్టింది. కళ్ళ కింది గీతలు సన్న ఉలితో తీసింది. దవడ దగ్గర వెడల్పాటి ఉలితో లోతుగా పోయింది. ముక్కుపుటాలు చెక్కుతుంటే ఈల వేసింది కూడా. రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, గరిట వెనకవైపుతో రుద్ది, ఒక మూల పట్టుకుని నెమ్మదిగా లేపి చూసింది. పెద్దావిడ సాక్షాత్తూ ఎదురొచ్చి కూర్చున్నట్టుంది.

ఇంత అచ్చంగా ఉంటే కొంప మునుగుతుంది కదా అని అప్పుడు తోచింది. కాని మరుక్షణమే ధైర్యం వచ్చింది. పెద్దావిడకు కింది పెదవి కింద ఎడమవైపు పుట్టుమచ్చ ఉంది. పలక మీద చెక్కిందేదైనా అచ్చులో తిరగబడుతుంది. ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. ఈ పని నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజు చెప్పే పాఠమది. అందుకే మామూలుగా బొమ్మను పలక మీద తిరగేసి గీసుకుంటారు. ఈసారి హడావుడిలో ఆమె కళ్ళకు కనిపించినట్టే గీసేసింది. ఇప్పుడు అచ్చులో మచ్చ కుడివైపు ఉంది. మొహం వంకరా అటుదిటు అయింది. ఎవరైనా అనుమానపడి అడిగితే, "మా అక్కకు మచ్చ ఎడమవైపు కదండీ" అనొచ్చు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తన పొరపాటు తనకే ఇంతగా అక్కరకొచ్చినందుకు తెగ మురిసిపోయి, పన్నెండు ప్రతులూ తీసింది.

ప్రదర్శన మొదలైన రోజు గ్యాలరీ యజమాని కొత్త మఫ్లర్ వేసుకున్నాడు. బొమ్మ పక్కన గోడకు చిన్న అట్ట అంటించాడు. దాని మీద ఇలా ఉంది: "మిశ్రమ భావాలు, మూడు. ఎదిగిన బిడ్డ గడప దాటే క్షణాన తల్లి గుండెలో పొంగిన వియోగ మాధుర్యం."

నడిపావిడ దాన్ని రెండుసార్లు చదివింది. "ఇది మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పకపోతేనే కదా మేడమ్ రాయగలిగేది."

జనం వచ్చారు. అట్ట మీదున్నది ముందు చదివి, తరువాత బొమ్మ చూసి, తలలు పంకించారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకావిడ తన తల్లి గుర్తొచ్చిందని, ఆ తల్లికి ఇప్పుడే ఫోను చేస్తానని బయటికి వెళ్ళి, ఫోనులో వంటమనిషిని తిట్టి వచ్చింది. అసూయ అనే మాట ఒక్కరి నోటా రాలేదు. సాయంత్రానికి ఆ బొమ్మవి ఒకటీ రెండూ తప్ప అన్నీ అమ్ముడుపోయాయి.

అప్పుడు చిన్నావిడ వచ్చింది.

చిన్నావిడకు పుట్టుమచ్చ లేదు. పుట్టుకతో రానిదాన్ని ఈ మధ్య పెన్సిల్‌తో పెట్టుకుంటోంది, పదిమందిలోకి వచ్చినప్పుడు మాత్రమే. కింది పెదవి కింద, కుడివైపు. కడిగితే పోయే మచ్చ కాబట్టి నడిపావిడ దాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

చిన్నావిడ బొమ్మ ముందు నిలబడింది. పక్కనున్నావిడ బొమ్మ వంక చూసి, ఈమె వంక చూసి, మళ్ళీ బొమ్మ వంక చూసింది.

"ఏవండీ, ఇది మీరేనా?"

చిన్నావిడ మొదట అదిరిపడింది. అట్ట మీదున్నది చదివింది. తల్లి గుండె, వియోగం, మాధుర్యం. ఆమె మొహం మెల్లగా వికసించింది.

"ఏమోనండీ. మా అక్కయ్య గీసింది. ఆవిడనే అడగాలి" అంటూ తల కొంచెం పక్కకు వాల్చింది, మచ్చ బాగా కనిపించేలా.

పావుగంటలో ఆ హాలంతా తెలిసిపోయింది. గ్యాలరీ యజమాని పరుగున వచ్చి ఆమెను బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించాడు. ఎదిగిన బిడ్డ ఎక్కడున్నారని ఎవరో అడిగారు. చిన్నావిడ కొడుకు ఇంకా మూడో తరగతి. "అప్పుడే స్కూలు బస్సెక్కి వెళ్ళిపోతున్నాడండీ" అని ఆమె కళ్ళొత్తుకుంది.

"ఇది మా వదిన కదూ?" అన్నాడు నడిపావిడ భర్త, ఆమె చెవి దగ్గర.

"గట్టిగా అనకండి."

"నేననను. అదిగో, ఆవిడే వస్తోంది."

పెద్దావిడ వచ్చి బొమ్మ ముందు నిలబడింది. చేతిసంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. చాలాసేపు చూసింది. అట్ట వైపు చూడనే లేదు. ఈలోగా చిన్నావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"చూశారా అక్కయ్యా? నన్నే పెట్టింది. నాతో ఒక్క మాటన్నా అనలేదు."

"చూస్తున్నానమ్మా. బాగుంది. చాలా బాగుంది" అంది పెద్దావిడ.

మళ్ళీ అదే మొహం. కళ్ళు, పుటాలు, దవడ, ఏమీ తేడా లేదు. గోడ మీదొకటి, గోడ ముందొకటి. ఇక చూడలేక నడిపావిడ మంచినీళ్ళ కోసం వెళ్ళిపోయింది.

ఆ తరువాత చిన్నావిడ ఒకటో నంబరు ప్రతి కొనుక్కుని, బంగారు రంగు చట్రం కట్టించి, తన వంటగదిలో రాతి బల్లకు ఎదురుగా గోడకు పెట్టించింది. వచ్చినవాళ్ళకు ముందు సొరుగులు చూపించి, తరువాత బొమ్మ చూపించేది. "నేను అలా ఆలోచిస్తూ నిలబడి ఉంటే మా అక్కయ్య చూసిందట" అని మొదలుపెట్టి, కొన్నాళ్ళకు ఆ ఆలోచన ఏమిటో కూడా చెప్పడం నేర్చుకుంది.

పెద్దావిడ నుంచి ఫోను లేదు. తరువాత ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చి వెనక గదిలో స్టూలు మీద కూర్చుంది. నడిపావిడ పలకలు సర్దుతోంది. ఆ పలక కూడా అక్కడే గోడకు ఆనించి ఉంది. గీత లాగడం పూర్తయింది కాబట్టి చెంప మీద గాటు ఉంది. చప్పున దాని ముందు ఒక గుడ్డ పడేసింది.

"నాకో సంగతి చెప్పు" అంది పెద్దావిడ. "ఇన్నేళ్ళుగా నా మొహమే ఎక్కువ చూశావు. నిన్నగాక మొన్న వచ్చింది ఆ పిల్ల. నేను పనికిరాలేదా నీ బొమ్మకు?"

నడిపావిడ పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు తయారైంది. నువ్వే అంటే ఆ మొహం ఎప్పటిదో చెప్పాలి. నువ్వు కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

"అది ఎవరూ కాదక్కా. ఊహ. ఉత్త ఊహ. అయినా మచ్చ కుడివైపుంది కదా, నీకు ఎడమవైపు. నిజానికి ఆ ముక్కు నీది కానే కాదు. ఆ దవడ కూడా."

"నేను దవడ మాట ఎత్తలేదే" అంది పెద్దావిడ.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో నడిపావిడకు అప్పుడు అర్థమైంది. అప్పటికే రెండు భుజాలూ తడిమేసుకుంది.

పెద్దావిడ తాపీగా చెప్పింది. "అందరినీ మభ్యపెట్టావు, నిజమే. మీ బావగారే పోల్చలేదు. వాళ్ళంతా నన్ను ఎదురుగా చూసేవాళ్ళు. నన్ను నేను ఎక్కడ చూసుకుంటాను? అద్దంలో. అద్దంలో నా మచ్చ ఎటుంటుందే?"

నడిపావిడకు ఇప్పుడు తట్టింది. అచ్చులో తిరగబడ్డ మొహం అద్దంలో తిరగబడ్డ మొహమే. ఊరందరికీ తెలియకుండా దాచిన మనిషిని, ఎవరికి తెలియకూడదో ఆవిడకే గోడకెక్కించి చూపించిందన్నమాట.

"క్షమించక్కా."

"దేనికి? మొహం పెట్టింది నేను. నువ్వు ఎత్తుకుపోయావు, అంతే." ఆమె లేచి గుడ్డ తీసి పలక చూసింది. చెంప మీది గాటును వేలితో తడిమింది. "కాని ఒక మాట. ఏడుపు ఎక్కువ చెక్కావు. ఆ రోజు నాకు కడుపు మండిన మాట నిజం. ఆ సొరుగు నా చెయ్యి వదిలించుకుని పోతుంటే ఒళ్ళు మండింది. కానీ సంతోషం కూడా కలిగిందే. వాడు నా చేతి అన్నం తిని పెరిగినవాడు. వాడింట్లో వేణ్ణీళ్ళు వస్తుంటే నాకు సంతోషం కాదూ? అదేది ఇందులో?"

నడిపావిడ పలక వంక చూసింది. కళ్ళ దగ్గర ఉలి ఎంత పైపైన పోయిందో, దవడ దగ్గర ఎంత లోతుకు దిగిందో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. లోతుగా చెక్కిన చోట చెయ్యి ఆడుతూ పాడుతూ పోయిన సంగతి గుర్తొచ్చింది.

"నీదీ చిన్న వంటిల్లేగా" అంది పెద్దావిడ. "ఆ రోజు నువ్వు ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. నువ్వు నా మొహం చూస్తుంటే నేను నీ మొహం చూశాను."

"ఎలా ఉంది?"

"నాకు ఉలి పట్టడం రాదు కాబట్టి బతికిపోయావు."

తరువాత నడిపావిడ, చిన్నావిడకు నిజం చెప్పేస్తానంది. పెద్దావిడ ఒప్పుకోలేదు.

"ఎందుకు చెప్పడం? ఆ పిల్ల సంతోషాన ఆ పిల్లని ఉండనీ. ఎలాగూ ఆ వంటింటి మీద నా కన్ను పడింది. అక్కడే ఉండనీ" అని, వచ్చిన పని అయిపోయినట్టు సంచీ భుజానికి తగిలించుకుంది. అప్పటినుంచి చిన్నావిడ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ఆ బొమ్మ ముందు ఆగి, "నీ వంటింట్లో నీ మొహం ఎంత బాగా కుదిరిందమ్మా" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటోందట. చిన్నావిడ పొంగిపోతోందట.

నడిపావిడను మాత్రం ఆ మాట వదల్లేదు. ఆ రోజు నా మొహం ఎలా ఉంది అని భర్తను అడిగింది.

"నేను చూడలేదు. పెరుగన్నం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను" అన్నాడాయన.

తన మొహం తనే చెక్కాలని కూర్చుంది. అద్దం ఎదురుగా పెట్టుకుంది. కొత్త వంటగదిని తలుచుకుంది, సొరుగుల్ని తలుచుకుంది, వేణ్ణీళ్ళను తలుచుకుంది. పలక మీదికి ప్రతిసారీ ఒక ఉత్తమురాలి మొహమే వచ్చింది. కళ్ళలో కరుణ, పెదవి మీద చిన్న నవ్వు. దవడ దగ్గర లోతుకు దిగుదామనుకుంటే ఉలి ఎందుకో జారిపోయేది. మూడు పలకలు పారేసి, నాలుగోదానితో సరిపెట్టుకుని, పన్నెండు ప్రతులు తీసి సంతకాలు పెట్టింది.

గ్యాలరీ యజమాని దానికి "ఆత్మశోధన" అని అట్ట రాశాడు. జనం అది చదివి, బొమ్మ చూసి, పక్క బొమ్మ దగ్గరికి నడిచిపోయారు. ప్రదర్శన ఆఖరి రోజు యజమాని నసుగుతూ, "బాగుంది మేడమ్, మనిషి మంచిదని తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియడం లేదు" అన్నాడు.

పెద్దావిడ ఆ రోజే వచ్చింది. బొమ్మ ముందు నిలబడి, చూసి, నవ్వడం మొదలుపెట్టింది. గోడకు చెయ్యి ఆనించుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హాల్లో ఉన్న కొద్దిమందీ తిరిగి చూశారు. ఆ నవ్వులో ఇంకేదీ కలవలేదు. నడిపావిడ మొదట చిన్నబుచ్చుకుంది, తరువాత తనకూ నవ్వొచ్చింది.

అమ్ముడుపోని ప్రతులన్నీ చుట్ట చుట్టి కట్టారు. బయట వాన పడుతోంది. పెద్దావిడ తన గొడుగు చుట్టల మీద పట్టి, తను తడుస్తూ, సగం బరువు మోసుకుని బస్సు దాకా వచ్చింది.